పాట మీద సేఫ్టీ విచారణ

దక్షిణ బస్తర్‌లోని ఒక ఇనుప ఖనిజ గనికి నన్ను సేఫ్టీ ఆఫీసర్‌గా వేసింది కోవిడ్ సద్దుమణిగిన మరుసటి ఏడాది, వానలు వెనకపట్టాక. అప్పటికే అదే కంపెనీలో ఫోర్‌మన్‌గా, అసిస్టెంట్ మేనేజర్‌గా చాలాకాలం చేసి ఉన్నాను. రిటైర్మెంట్ కనుచూపు మేరలో ఉంది. కంపెనీ పేరు, గని పేరు ఇక్కడ రాయను. రాస్తే చదివేవాళ్లు ఆ పేర్ల గురించే మాట్లాడుకుంటారు, పని గురించి మాట్లాడుకోరు.

సేఫ్టీ ఆఫీసర్ అంటే హెల్మెట్లు పంచేవాడని బయట చాలామంది అనుకుంటారు. మా బంధువుల్లో కొందరు ఇప్పటికీ అలాగే అనుకుంటున్నారు. అతను మేనేజర్ కింద పనిచేసే ఉద్యోగే గాని, ప్రమాదం జరిగితే ఎందుకు జరిగిందో రాయవలసింది అతనే. జరగబోయి తప్పిపోయిన దాన్ని మేం నియర్ మిస్ అంటాం. దాని మీద కూడా అంతే శ్రద్ధగా విచారణ చెయ్యాలి. నా సర్వీసులో నియర్ మిస్‌లు చాలానే చూశాను. బ్రేకులు పడని డంపర్లు, జారిన బండలు, నిద్రపోయిన గార్డులు. ఒక పాట మీద విచారణ చెయ్యడం మాత్రం ఒక్కసారే జరిగింది.

ముందుగా మా సైరన్ సంగతి చెప్పాలి. ఓపెన్‌కాస్ట్ గనిలో రాతిలో రంధ్రాలు వేసి, మందు నింపి, మధ్యాహ్నం షిఫ్టులు మారే వేళ పేలుస్తారు. దానికి ముందు ఒక సైరన్ మోగుతుంది. అది ఎగసి పడుతూ వస్తుంది కాబట్టి తెలుగువాళ్లు ఉయ్యాల కూత అనేవారు. అది వినగానే దారుల దగ్గర గార్డులు ఎర్రజెండాలు పట్టుకుని నిలబడతారు, పనివాళ్లు షెల్టర్లలోకి వెళతారు. పేలుడు అయ్యాక బ్లాస్టర్ ఒక్కడే ముందుగా వెళ్లి, పేలకుండా మిగిలిన మందు ఉందేమో చూస్తాడు. అంతా సరిగా ఉంటే రెండో సైరన్ మోగుతుంది. అది హెచ్చుతగ్గులు లేకుండా ఒకే తీరున సాగుతుంది. రికార్డుల్లో దాని పేరు ఆల్ క్లియర్. జనం నోట్లో సీధా భోంపూ, అంటే తిన్నని కూత. తెలుగు, హిందీ, హల్బీ, దొర్లీ ఏది మాట్లాడేవాళ్లయినా దాన్ని ఆ పేరుతోనే పిలిచేవారు.

గుట్ట కింద ఊసెగూడ అనే చిన్న పల్లె ఉంది. అందులో సగం ఇళ్లు రాయి ఎగిరిపడగల హద్దులో ఉండేవి. ఉయ్యాల కూత వినగానే ఆ ఇళ్లవాళ్లు పిల్లల్ని, మేకల్ని తోలుకుని వాగు దాటి ఇప్పచెట్ల కిందికి వెళ్లాలి. సీధా భోంపూ వినిపించాక తిరిగి రావాలి. ఈ ఏర్పాటు నేను రాకముందు నుంచీ ఉంది. అందులో లోపమేమీ నాకు కనిపించలేదు.

ఆ చలికాలం సేఫ్టీ వారోత్సవాల చివరి రోజున టౌన్‌షిప్ ఓపెన్ ఎయిర్ ఆడిటోరియంలో సాంస్కృతిక కార్యక్రమం పెట్టారు. నేను వేదిక కింద మొదటి వరసలో, మేనేజర్‌కూ పర్సనెల్ విభాగం అధిపతి తివారీగారికీ మధ్య కూర్చున్నాను. పిల్లల నృత్యాలు అయ్యాక అప్రెంటిస్‌ల బృందం పాడుతుందని ప్రకటించారు. పాట పేరు ‘ఆల్ క్లియర్’. ఆ పేరు చూసి అది సేఫ్టీ గీతమే అయి ఉంటుందని వెల్ఫేర్ విభాగం వాళ్లు వినకుండానే ఓకే చేశారు. గని టౌన్‌షిప్‌లో తప్ప ఇలాంటి పొరపాటు ఇంకెక్కడా జరగదు.

వేదిక మీదికి ముగ్గురు వచ్చారు. గిటారు పట్టుకున్నవాడు, డ్రమ్స్ వాయించేవాడు మా టౌన్‌షిప్ తెలుగు కుర్రాళ్లే. మైకు పట్టుకున్న అమ్మాయి కుంజం లచ్చి. ఊసెగూడ పిల్ల. ఐటీఐ చదివి మా ఎలక్ట్రికల్ షాపులో అప్రెంటిస్‌గా చేరింది. పని నేర్చుకునేటప్పుడు నోరు మెదపని మనిషని ఆమె ఫోర్‌మన్ నాతో అన్నాడు. ఆ రోజు పాట మా సీధా భోంపూతో మొదలైంది. ఆమె దాన్ని రికార్డు చేసి పెద్ద స్పీకర్లలో వదిలింది. వెనక వరసల్లో కొందరు అలవాటు కొద్దీ లేచి నిలబడ్డారు. ఆ తర్వాత వచ్చింది ఇది:

ఊదితే పోవాలె, ఊదితే రావాలె
ఇల్లు మాదా సాబ్, భోంపూదా
గోడ పగిలె, ఆల్ క్లియర్
వాగు ఎర్రబడె, ఆల్ క్లియర్
థూ

దీన్ని పంక్ రాక్ అంటారని నాకు తర్వాత చెప్పారు. హార్మోనియం శ్రుతి కలిశాక మొదలయ్యే పాటలు విని పెరిగినవాణ్ణి. ఇది నా చెవికి రాళ్లు నలగ్గొట్టే క్రషర్ పక్కన నిలబడ్డట్టుంది. లచ్చి గొంతు చించుకుని అరిచింది. ‘థూ’ అన్నప్పుడు నిజంగానే పక్కకు ఉమ్మింది. తివారీగారి మొహం మాడిపోయింది. మేనేజర్ చప్పట్లు కొట్టాలా వద్దా అని నా వైపు చూశారు. కాంట్రాక్టు కార్మికులు నిలబడి ఉన్న వైపు నుంచి మాత్రం ఈలలే ఈలలు.

పాటను ఎవరో ఫోన్‌లో తీసి బయటికి పంపారు. ఆ తర్వాత దాన్ని ఆపడం ఎవరివల్లా కాలేదు. కొంటా బజార్లో మొబైల్ దుకాణాలవాళ్లు దాన్ని మెమరీ కార్డుల్లో ఎక్కించి అమ్మారు. తర్లగూడ వైపు వెళ్లే జీపుల్లో మోగింది. మా టౌన్‌షిప్ తెలుగువాళ్ల సంఘం ప్రత్యేకంగా సమావేశం పెట్టుకుని, గని మట్టితో వాగు ఎర్రబడిన మాట వదిలేసి, ఆడపిల్ల వేదిక మీద ఉమ్మడం గురించే సాయంత్రమంతా చర్చించింది. ఒక హిందీ పత్రిక అభివృద్ధికి అవమానం అని రాసింది. రాయపూర్‌లో కాలేజీ పిల్లలు ‘ఆల్ క్లియర్’ అని అచ్చువేసిన టీషర్టులు తొడుక్కున్నారు. అక్కడి వకీలు ఒకాయన పాటను సమర్థిస్తూ, అందులో ఉన్నది ప్రమాద సైరన్ కాదు, ప్రమాదం తప్పిందని చెప్పే సైరన్, దానివల్ల ఎవరికీ హాని లేదు అని వాదించారు. కంపెనీ వకీలేమో అది విని జనం భయంతో తొక్కిసలాడుకుంటారని వాదించారు. ఇద్దరిలో ఒక్కరూ గనికి వచ్చి చూడలేదు.

నియర్ మిస్ జరిగింది ఆ గొడవ మధ్యలోనే. మధ్యాహ్నం ఉయ్యాల కూత అయింది, మందు నింపిన రంధ్రాలు సిద్ధంగా ఉన్నాయి. వాగు పక్కనే ఉన్న కింది గేటు దగ్గర ఆపి ఉంచిన ఒక కాంట్రాక్టు టిప్పర్‌లో డ్రైవర్ ఫోన్ మోగింది. రింగ్‌టోన్ ఈ పాటే. ఫోన్ క్యాబిన్ స్పీకర్లకు కలిపి ఉండడంతో సీధా భోంపూ గట్టిగా వినిపించింది. పేల్చడం రద్దయిన రోజుల్లోనూ అదే కూత ఊదేవాళ్లం కాబట్టి గేటు గార్డు జెండా దించేశాడు. నీళ్ల ట్యాంకర్ ఒకటి ఇద్దరు మనుషులతో పైకి బయలుదేరింది. వాగు అవతల ఊసెగూడ వాళ్లు లేచి ఇళ్ల వైపు నడవడం మొదలుపెట్టారు.

ఆ రోజు బ్లాస్టర్ మా రామినాయుడు. విజయనగరం వైపు మనిషి, తొందరపాటు తెలియనివాడు. పేల్చే ముందు చుట్టూ ఒకసారి చూడాలని నిబంధన. దాన్ని అతను మొక్కుబడిగా కాకుండా నిజంగా పాటిస్తాడు. రోడ్డు మీద దుమ్ము లేవడం చూసి పేల్చడం ఆపేశాడు. వైర్‌లెస్‌లో నాకు చెప్పింది ఒక్క మాటే, రోడ్డు మీద బండి ఉంది సార్ అని. నేను ఆ గేటు దగ్గరికి చేరేసరికి ట్యాంకర్‌ను వెనక్కి రప్పించారు, దాని డ్రైవర్ టీ తాగుతున్నాడు. తనకేం తప్పిపోయిందో అతనికి ఇంకా తెలియదు.

మేనేజర్ విచారణ నాకు అప్పగించారు. ఆ సాయంత్రమే తివారీగారు నా గదికి వచ్చి తలుపు వేశారు. ఆయన చెడ్డ మనిషి కాదు, పై నుంచి వచ్చే ఫోన్లకు జవాబు చెప్పలేక సతమతమవుతున్నారు. నేను రాయవలసింది ఒక్క లైనేనని హిందీలో చెప్పారు. పాట కట్టినవాళ్లు గనిలో తప్పుడు సిగ్నల్ ఇచ్చారు, అంతే. ఆ లైను ఉంటే లచ్చిని అప్రెంటిస్‌షిప్ నుంచి తీసేయవచ్చు, పోలీసులకు ఫిర్యాదు కూడా ఇవ్వవచ్చు. ఆమె ఆఖరి పరీక్ష మరుసటి నెలలో ఉంది. అందులో పాసై సర్టిఫికెట్ వస్తేనే ఎలక్ట్రీషియన్‌గా ఎక్కడైనా దరఖాస్తు పెట్టుకోగలదు. రాకపోతే చదివిన ఐటీఐ ఎందుకూ కొరగాదు. ఊసెగూడ నుంచి ఆ దాకా వచ్చిన మొదటి పిల్ల ఆమె.

నాకు ఆమె మీద జాలి ఏమీ లేదు, కోపమే ఉంది. సైరన్‌తో ఆటలాడితే మనుషులు పోతారు. గనిలో పోయినవాళ్లను చాలామందిని మోసుకొచ్చాం. ఆ కోపంతోనే ఆమెను పిలిపించాను.

సైరన్ ఎక్కడ రికార్డు చేశావని అడిగాను. వాగు అవతల నిలబడి తన ఫోన్‌లోనే చేశానంది. రెండు కూతలూ రికార్డు చేసిందట. మరి పాటలో ఇదే ఎందుకు పెట్టావని అడిగాను.

“ఉయ్యాల కూత పెడితే మా ముసలోళ్లు దడుసుకుంటరు సార్. పిల్లలు ఉరుకుతరు. సీధా భోంపూ అయితే ఎవలకు ఏం గాదనుకున్నం.”

ఎవరికీ హాని జరగకూడదనే ఆ కూత ఎంచుకుందన్నమాట. నా కోపం అక్కడ కాస్త ఆగింది. ఉత్తుత్తి ఉయ్యాల కూత విని మనిషి పరుగెత్తితే ఆయాసం వస్తుంది, ఉత్తుత్తి సీధా భోంపూ విని బయటికొస్తే నెత్తిన రాయి పడుతుంది అని చెప్పాను. ఆ రోజు వాగు దగ్గర లేచి నడిచినవాళ్లలో తన పెద్దమ్మ కూడా ఉందని ఆమెకు అప్పటికే తెలుసు. పాటలోంచి ఆ కూత తీసేస్తానని చెప్పి, వెంటనే తనే తల అడ్డంగా ఊపింది.

“ఇప్పుడు ఆ పాట నా తాన లేదు సార్. ఎవలెవలి ఫోన్లల్ల ఉన్నదో నాకేం ఎరుక.”

అది నిజం. ఆమెను తీసేసినా, జైల్లో పెట్టినా, మర్నాడు మరో టిప్పర్‌లో మరో ఫోన్ మోగుతుంది. గనిలో అందరూ నమ్మే శబ్దం బజార్లో దొరుకుతోందంటే దాన్ని ఇక సిగ్నల్ అనలేం. కాబట్టి మార్చవలసింది మా ఆల్ క్లియర్‌నే. మూడు పొట్టి కూతలు, దాంతోపాటు ప్రతి గేటుకూ బ్లాస్టర్ నుంచి వైర్‌లెస్‌లో మాట, రెండూ అందితేనే గార్డు జెండా దించాలని రాశాను. పేలుడు హద్దులోకి ఫోన్ తేకూడదని ముందే నిబంధన ఉంది. దాన్ని అమలు చేయకపోవడం మా పర్యవేక్షణ లోపమని కూడా రాశాను. ఆ వాక్యం మేనేజర్‌కు నచ్చదని తెలుసు.

సిగ్నల్ మారిస్తే చుట్టుపక్కల పల్లెలకు ముందుగా చెప్పాలి. హిందీ నోటీసు ఆఫీసు వాళ్లు చేశారు, తెలుగుది నేనే రాశాను. ఊసెగూడలో పెద్దవాళ్లకు దొర్లీలో చెబితేనే బాగా అర్థమవుతుంది. దానికి లచ్చిని తీసుకెళతానంటే తివారీగారు అభ్యంతరం పెట్టారు. మా ఉద్యోగుల్లో దొర్లీ వచ్చి, సైరన్ సంగతీ తెలిసిన మనిషి ఇంకొకరుంటే చెప్పమన్నాను. లేరు.

పల్లెలో అందరూ ఒక ఇంటి ముందు కూర్చున్నారు. నేను నోటీసు ఒక్కో వాక్యం చదువుతుంటే లచ్చి దొర్లీలో చెప్పింది. చివరి వాక్యం ఇది: మూడు పొట్టి కూతలు వినిపించిన తర్వాత గ్రామస్థులు తమ ఇళ్లకు రావచ్చు. అక్కడ ఆమె ఆగిపోయింది. రావచ్చు అన్నది ఎట్లా చెప్పాలె సార్ అని నన్ను అడిగింది. ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నాను. చెప్పింది. జనంలో చిన్న నవ్వు పుట్టింది.

లచ్చి పెదనాన్న ముత్తయ్య ముందు వరసలో ఉన్నాడు. ఏటా భద్రాచలం వైపు మిరపకాయ కోతకు వెళ్లి వచ్చే మనిషి, తెలుగు బాగా వచ్చు. తగూకు వచ్చినట్టు కాకుండా, తెలియక అడిగినట్టే అడిగాడు.

“మా ఇంటికి మేమొస్తందుకు రావచ్చు అని నువ్వు రాసిచ్చుడేంది సార్?”

మీ క్షేమం కోసమేనని చెప్పాను. అది మా రొటీన్ జవాబు. అతను తల ఊపాడు.

“మంచిదే. రాయి పడుతదో పడదో చెప్పు. వచ్చుడు, పోవుడు మేం చూస్కుంటం.”

మా సైరన్ సమాచారమని నేను ఇన్నాళ్లూ అనుకున్నాను. వాగు అవతల నుంచి వింటే అది హుకుం. వేదిక మీద లచ్చి అరిచి అడిగింది కూడా ఇదేనని అప్పుడు తట్టింది. అరుపు మీద చిరాకులో పడి ఆ మాట నేను వినిపించుకోలేదు.

అక్కడే నోటీసులో ఆ వాక్యం కొట్టేశాను. మూడు పొట్టి కూతలంటే పేలుడు అయిపోయింది, పేలకుండా మిగిలిన మందు లేదని బ్లాస్టర్ స్వయంగా చూశాడు అని రాశాను. లచ్చి ఈసారి ఆగకుండా చెప్పేసింది. ముత్తయ్య ఇంకో మాట అడిగాడు. తామంతా వాగు దాటామో లేదో పేల్చేవాడికి ఎట్లా తెలుస్తుందని. నిజం చెప్పాలంటే తెలియదు. సైరన్ ఊదాం కాబట్టి దాటేసి ఉంటారని అనుకునేవాళ్లం. ఇకమీదట వాగు గట్టున పల్లె మనిషి ఒకరు పచ్చజెండా ఎత్తాలని, అది కనిపించనిదే బ్లాస్టర్ పేల్చకూడదని అప్పుడే నిర్ణయించి రిపోర్టులో చేర్చాను.

రిపోర్టు మీద మేనేజర్ గదిలో చర్చ జరిగింది. మా పేలుడు బయటి మనిషి చేతిలో పెడతారా అని మేనేజర్ అడిగారు. రాయి పడేది ఆ బయటి మనిషి ఇంటి మీదే కదా అన్నాను. తివారీగారికి అసలు బాధ వేరు. రిపోర్టులో పాట గురించి ఏమీ లేదే అన్నారు. అందులో ఉన్న కూత గురించి రాశాను, అది ప్రమాదకరమే, దాన్ని తీసేయడానికి ఆమె ఒప్పుకుంది, మిగతాది నా పరిధి కాదు అన్నాను. పాట సేఫ్టీకి వ్యతిరేకమా కాదా, ఒక్క మాటలో చెప్పండి రావు సాబ్ అని ఆయన పట్టుబట్టారు.

నాకు ఆ పాట నచ్చదని ముందుగా చెప్పాను. ఆ తర్వాత, ఆమె మన సిగ్నల్ మీద ఒక ప్రశ్న వేసింది, నేను విచారించి ఆ ప్రశ్న సరైనదేనని తేల్చాను, నోటీసు మార్చింది అందుకే అన్నాను. ఆమెను తీసేస్తే ఆ ఆర్డర్‌కు నా రిపోర్టు జతచేయాలి, మైన్స్ ఇన్‌స్పెక్టర్ దాన్ని చదువుతారు, ఫోన్ల నిబంధన సంగతి కూడా చదువుతారు అని గుర్తుచేశాను. ఇది బెదిరింపు కిందికి వస్తుందేమో తెలియదు. నేను మామూలు గొంతుతోనే చెప్పాను.

క్షమాపణ రాసిమ్మన్నారు. లచ్చి ఇచ్చిన కాగితంలో రెండు వాక్యాలున్నాయి. కూత పెట్టినందుకు క్షమించండి. పాడినందుకు అడగడం లేదు. రెండోది కొట్టేయమని తివారీగారు అన్నారు. ఆమె కొట్టేయనంది. మేనేజర్ కాగితాన్ని అలాగే ఫైల్లో పెట్టమన్నారు. పరీక్ష రాసి పాసైంది. కంపెనీ ఆమెను ఉద్యోగంలోకి తీసుకోలేదు. ఇప్పుడు జగ్దల్‌పూర్ వైపు ఒక సబ్‌స్టేషన్‌లో పనిచేస్తోంది, సెలవు రోజుల్లో పాడుతోంది. పాట మీద జనం ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు. కొత్త రికార్డింగులో సైరన్ లేదు. నేను విన్నాను. సైరన్ లేకపోయినా నాకు నచ్చలేదు.

కొత్త పద్ధతి మొదలైన కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం పచ్చజెండా లేవలేదు. ఊసెగూడలో ఎవరో చనిపోయారు, మనిషిని ఇంటినుంచి ఇంకా లేపలేదు. మందు నింపిన రంధ్రాలను రాత్రికి వదిలేయడానికి వీల్లేదు, చీకటిపడ్డాక పేల్చడానికీ వీల్లేదు. మేనేజర్ ఫోన్ మీద ఫోన్ చేశారు. జెండా లేవలేదని ప్రతిసారీ ఒకటే జవాబు చెప్పాను. రామినాయుడు బండ మీద కూర్చుని వాగు వైపు చూస్తూ ఉండిపోయాడు. పొద్దు వాలుతుండగా వాళ్లు శవాన్ని మోసుకుని వాగు దాటారు. వెనక నడుస్తున్న మనిషి ఒకడు ఆగి, జెండా ఎత్తి, మళ్లీ వాళ్లతో కలిసిపోయాడు.

అప్పుడు పేల్చాం. ఆ రోజు ఉత్పత్తి టార్గెట్ తప్పింది. ఖనిజం ఎక్కడికీ పోలేదు. సిగ్నల్ ఇచ్చేవాడు తాను చేసింది ఏమిటో చెప్పాలి, అవతలివాడు విన్నాడో లేదో తెలుసుకునేదాకా ఆగాలి. సేఫ్టీ గురించి నాకు తెలిసినంతలో మిగతాదంతా దీని తర్వాతే.